నిరుటాయన బిగించిన కార్బురేటరు

ఏ మోటారు సైకిలుకైనా సరే, అది తయారైన ఏటి కార్బురేటరే ఉండటం నిరుటాయనకు గిట్టదు. దాన్ని విప్పి పక్కన పెట్టి, నిరుటి మోడలుదో అంతకు ముందుదో బిగిస్తే గాని ఆయన చేతి దురద తీరదు. అందుకే మెకానిక్కు అనే మాట పోయి నిరుటాయన అనే పేరు స్థిరపడింది. ఇంట్లో భార్య కూడా కోపమొస్తే అలాగే పిలుస్తుంది. అంటే, ఇంచుమించు రోజూ.

ఆమె కోపంలో న్యాయముంది. పాలు కాద్దామని వెళితే స్టవ్వు మీద గిన్నెలో కార్బురేటరు ఉడుకుతుంటుంది.

"ఏమండీ, ఇదేమిటి?"

"మురికి వదులుతోంది. కదపకు."

"ఉప్పు వెయ్యనా?"

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించాడు.

ఒకసారి వీధి చివరి ఫొటోగ్రాఫరు తన బండిని చూసుకుని బిత్తరపోయాడు. లోపలి సూది ఒక ఏటిది, జెట్టు ఇంకో ఏటిది, పైమూత మరో ఏటిది.

"ఇంతకీ ఇది ఎప్పటిదండీ?"

"సగటున నిరుటిది" అన్నాడాయన, సందేహం లేకుండా.

ఇలా ఉండగా బేకరీ అబ్బాయి పాత బండి తుక్కులోకి పోయింది. అబ్బాయంటే జుట్టు నెరిసినవాడే. సరికొత్త బండి కొన్నాడు. బ్రేకు వదులుగా ఉందని తెచ్చి షెడ్డులో వదిలాడు.

నిరుటాయన తుక్కు డబ్బా బోర్లించి పాత మోడలు కార్బురేటరొకటి ఏరాడు. దాని మూతి ఇంజనుకు అతకదు. ఇనప పలక అరగదీసి, మధ్యన పెట్టి అతికించాడు. జెట్లు ఊది శుభ్రం చేశాడు. ఆపైన ఇంజను ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, చప్పుడు వింటూ, స్క్రూ అటు కాస్తా ఇటు కాస్తా తిప్పుతూ కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు.

సాయంత్రం బేకరీ అబ్బాయి బండి స్టార్టు చేశాడు. దబ్... దబ్... దబ్!

"బ్రేకు బిగించమంటే గొంతు మార్చేశారేంటి బాబాయ్! పిల్లిలా వెళ్ళే బండి!"

"పిల్లే. అదే దాని జబ్బు."

"చూశావా పిన్నీ! కొత్త బండి పిన్నీ!" అని మెకానిక్కు భార్యతో మొరపెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు, ఆ బండి నుంచి ఆయన విప్పి పక్కన పెట్టిన కొత్త కార్బురేటరును గుడ్డలో చుట్టుకుని, తిరిగిచ్చేసి రెండు మంచి మాటలు చెబుదామని వాళ్ళింటికి వెళ్ళింది. అబ్బాయి ఇంకా రాలేదు. చూపు పోయిన అతని తల్లి గుమ్మం పక్కన కుర్చీలో ఉంది.

"అక్కయ్యా, మా ఆయన మీ వాడి బండిని..."

"ఉండు చెల్లీ" అని పెద్దావిడ చెయ్యెత్తింది. "మలుపు తిరిగాడు."

లేచి తాపీగా గడియ తీసింది. మెకానిక్కు భార్యకు వీధి రొద తప్ప ఏమీ వినబడలేదు. కాసేపటికి దబదబమంటూ బండి వచ్చి ఆగింది. వాడు బండి పక్కన పెట్టి వచ్చేలోగా అని పెద్దావిడ గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది.

"కొత్త బండొచ్చాక వీడి రాక తెలిసేది కాదు. ఎవరి బండి ఆగినా లేచేదాన్ని. ఓసారి మోకాలు కూడా కొట్టుకుంది. నిన్న పొద్దున మీ ఆయన బ్రేకు చూసుకుంటూ ఆ బండి ఇక్కడే ఆపితే, 'వచ్చావా నాన్నా' అన్నాను. 'నేనక్కా' అని ఆయన బండి దిగొచ్చాడు. తర్వాత, పాత బండి ఎలా మోగేదో నోటితో అనమన్నాడు. నేను దబ్ దబ్ అంటే, ఇంకాస్త బొంగురా అక్కా అని ఆయనా మోగించాడు. దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూశారట!"

ఈలోగా గుమ్మంలోకొచ్చి నిలబడ్డ కొడుకు అంతా విన్నాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"కొత్త బండని అంత మురిసిపోతుంటే ఎలా చెప్పనురా?"

"పిన్నీ, ఆ గుడ్డలో ఏంటి?"

"ఏం లేదు నాయనా, గిన్నె" అని మెకానిక్కు భార్య చేతిలోది కొంగు కిందికి జరిపేసింది.

ఇంటికొచ్చి మొగుణ్ణి నిలదీసింది. "నాతోనైనా అనొచ్చుగా?"

"వాడికి తెలియనివ్వొద్దని ఆవిడ మాట తీసుకుంది. తిట్లంటావా, కొత్తేం కాదుగా."

కొన్నాళ్ళకు బేకరీ అబ్బాయి మొహం వేలాడేసుకుని షెడ్డుకొచ్చాడు.

"మళ్ళీ ఏమైంది?"

"మలుపులో సిగరెట్టుకి ఆగితే ఇంట్లో కూర్చున్న అమ్మకి తెలిసిపోతోంది బాబాయ్. కాస్త గొంతు తగ్గించరూ?"

"తగ్గాల్సింది బండి గొంతు కాదురా" అన్నాడు నిరుటాయన, స్క్రూ డ్రైవరు జేబులో పెట్టేసుకుంటూ. "సిగరెట్లు."