రూత్ ఆంటీ వాళ్ళమ్మకి ఒక గులకరాయి

బుకిట్ పంజాంగ్‌లో మా పక్క ఫ్లాట్‌లో రూత్ ఆంటీ ఉంటారు. సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన యూదు కుటుంబం. ఎనభై దాటాయి, ఒక్కరే ఉంటారు. ఏటా వాళ్ళమ్మ పోయిన తిథికి సమాధి దగ్గరికి వెళ్ళి ఒక రాయి పెట్టి వస్తారు. వాళ్ళు సమాధి మీద పూలు పెట్టరు, రాయే పెడతారు. మన తద్దినంలాగే వాళ్ళకీ తేదీ కాదు, తిథే లెక్క. ఈసారి మోకాలి ఆపరేషన్ అయి ఆవిడ కదల్లేకపోయారు. "ఈ ఏడాది అమ్మ దగ్గరికి ఎవరూ వెళ్ళరు" అంటూ కళ్ళు తుడుచుకుంటుంటే నాకు గుండె తరుక్కుపోయింది. మేం వెళ్తామని చెప్పేశాను.

తిథి వారం మధ్యలో పడింది, దానికి దగ్గర్లో సెలవు రోజైనా పర్వాలేదన్నారని శనివారం అనుకున్నాం. "శనివారం కెనాట్ లా! అది విశ్రాంతి రోజు, సమాధుల దగ్గరికి వెళ్ళం" అన్నారు ఆంటీ తన సింగపూర్ యాసలో. ఆదివారానికి మార్చాం. పనిలో పనిగా ఆవిడ చిన్నప్పుడు తిరిగిన చోట్లు కూడా చూసి రావాలనుకున్నాం. ప్రార్థనా మందిరానికి ముందే ఈమెయిల్ రాసి అనుమతి తీసుకున్నాం, శ్మశానం కాపలాదారుకి ఆంటీయే ఫోన్ చేసి చెప్పారు.

పొద్దున తొమ్మిదింటికి డౌన్‌టౌన్ లైన్ మెట్రో ఎక్కి, రైలు మారే పని లేకుండా బెన్‌కూలెన్‌లో దిగాం. అక్కడి నుంచి వాటర్లూ స్ట్రీట్‌లోని యూదుల మందిరం నాలుగు అడుగులు. గేటు దగ్గర పాస్‌పోర్టులు చూసి, సంచులు తనిఖీ చేసి లోపలికి పంపారు. మెట్లు కనపడగానే మా ఆయన అలవాటు కొద్దీ బూట్లు విప్పేసి, చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

"బూట్లు వేసుకోండి సార్, తలకి మాత్రం ఇది పెట్టుకోండి" అని గార్డు నవ్వుతూ చిన్న గుండ్రటి టోపీ ఇచ్చాడు.

"ఇదేమిటే, మన గుడికి పూర్తిగా తిరగేసి ఉంది!" అన్నారీయన, టోపీ జారిపోకుండా పట్టుకుంటూ. లోపల పాతకాలపు ఫ్యాన్లు, నల్లబడిన చెక్క బెంచీలు, జెరూసలేం వైపు తెర వేసిన పెద్ద అల్మారా. పవిత్ర గ్రంథాల చుట్టలు అందులోనే ఉంటాయట. ఆడవాళ్ళు కూర్చునే పై వసారాలో కాసేపు కూర్చున్నాను. చిన్నప్పుడు ఆంటీ ఇక్కడే వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయేవారట.

బయటికొచ్చి మిడిల్ రోడ్డు దాకా నడిచాం. నుదుటన యూదుల గుర్తైన ఆరు కోణాల నక్షత్రం ఉన్న పాత మేడ ఒకటి ఇంకా నిలబడి ఉంది. దగ్గర్లో చవక తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో ఇద్దరికీ కలిపి పన్నెండు డాలర్లలో భోజనం, కాఫీ అయిపోయాయి. తర్వాత వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి, మా పక్క పేట చువా చూ కాంగ్‌లో శ్మశానం మీదుగా పోయే 172 బస్సు కోసం నిలబడ్డాం. అప్పుడు గుర్తొచ్చింది, రాయి తీసుకోలేదని!

ఈ ఊళ్ళో రోడ్డు మీద గులకరాయి దొరకడమంటే మాటలు కాదు. పూలకుండీల్లో ఉన్నాయి కానీ తీస్తే జరిమానా వేస్తారేమోనని భయం. "బంగారమైనా తొందరగా దొరుకుతుందే ఇక్కడ" అని మా ఆయన గొణిగారు. చివరికి రోడ్డు పనులు జరుగుతున్న చోట, అక్కడున్న మేస్త్రీని అడిగి ఒకటి తెచ్చారు.

బస్సు దిగాం. శ్మశానం పాత చువా చూ కాంగ్ రోడ్డు పక్కనే, చాలా నిశ్శబ్దంగా ఉంది. ఈ సమాధులు మొదట ఊళ్ళో ఉండేవి. స్థలం అవసరమై ఇక్కడికి తరలించారు. సింగపూర్‌లో పోయినవాళ్ళకీ ఇల్లు మారక తప్పదు. హీబ్రూ అక్షరాల కింద ఇంగ్లీషులో ఉన్న పేరు చూసి ఆంటీ వాళ్ళమ్మని వెతికి పట్టుకున్నాం. పాత రాళ్ళు వరసగా ఉన్నాయి, అన్నీ ఆంటీ పెట్టినవే. వాటి పక్కన మాది పెట్టాను. ఏ గూటి చిలుక ఆ గూటి పలుకే కదా, నాకు తెలుగే వచ్చింది. "అమ్మా, మీ అమ్మాయికి మోకాలి ఆపరేషన్ అయింది. అందుకే రాలేదు" అన్నాను. బయటికొస్తూ, వాళ్ళ ఆచారం ప్రకారం కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాం.

తిరుగు బస్సులో కూర్చోగానే ఆంటీకి ఫోన్ చేశాను.

"అమ్మకి ఏం చెప్పావు?" అన్నారు. చెప్పాను.

"అయ్యో, ఆపరేషన్ సంగతి ఎందుకు చెప్పావ్ లా! అమ్మ బెంగ పెట్టుకుంటుంది!"

అవతల ఏడుపు గొంతు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన లేచి, బస్సు ఆపమని బెల్లు నొక్కారు. ఎండలో వెనక్కి నడిచి వెళ్ళేసరికి గేటుకి తాళం పడింది. ఊచలు పట్టుకుని, ఫోను సమాధుల వైపు తిప్పి, ఈసారి ఆంటీకీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో గట్టిగానే చెప్పాను. "కంగారేం లేదమ్మా! ఆపరేషన్ బాగా అయింది. మేం పక్కింట్లోనే ఉన్నాం, చూసుకుంటాం."  "థాంక్యూ, గర్ల్" అన్నారు ఆంటీ ఫోనులో.

వేరే మతం వాళ్ళ చోట్లు చూడటానికి వెళ్తున్నాం అనుకుని బయల్దేరాను. తీరా చూస్తే ఎనభై ఏళ్ళొచ్చినా, అమ్మ పోయి ఎంతకాలమైనా, తన నొప్పి అమ్మకి తెలియకూడదనుకునే ఒక కూతుర్ని చూశాను. ఆవిడంటే నాకు ఇంతకుముందు గౌరవం. ఇప్పుడు ప్రాణం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఎవరి తరఫునైనా వెళ్తే, అక్కడ ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ముందే అడిగి వెళ్ళండి. ఆదివారం మధ్యాహ్నాలు 172 బస్సు మళ్ళీ ఓ పట్టాన రాదు.