గోడ మీది స్టార్టరు డబ్బా

2023 ఎండాకాలం. కళ్యాణదుర్గం వైపు ఒక స్టేషన్‌లో నేను ఏఎస్ఐగా ఉన్నాను. ఒకే నంబరు నుంచి 112కు మాటిమాటికీ ఫోను వస్తోందని, మాట్లాడేవాళ్ళు మాత్రం లేరని కంట్రోల్ రూమ్ మాకు కబురు చేసింది. ఇలాంటి వాటిని సైలెంట్ కాల్ అంటాం. పిల్లలు నొక్కినవే ఎక్కువగా ఉంటాయి. ఈ నంబరు రికార్డింగులు విన్నప్పుడు మాత్రం నాకు అలా అనిపించలేదు. ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. వెనక గాలి చప్పుడు. ఒకదాంట్లో చెంబు నేల మీద పెట్టిన శబ్దం, అదీ చప్పుడు కాకూడదని మెల్లగా పెట్టినట్టు. మొగుడికి భయపడే ఆడమనిషి అయి ఉంటుందనుకున్నాను.

నా గురించి ఒక మాట. మా తాతగారి కాలంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళ తగవులన్నీ మా వాకిట్లోనే తీరేవి. ఆ వాకిలీ పోయింది, భూమీ పోయింది. నేను కానిస్టేబులుగా చేరి మెట్టు మెట్టుగా ఏఎస్ఐనయ్యాను. అది చిన్నతనమని నేనెన్నడూ తలవంచలేదు. ఊళ్ళలో ముసలివాళ్ళు ఇప్పటికీ నన్ను చూసి లేచి నిలబడతారు. వద్దని నేనూ అనను.

మొగుడు కొట్టాడన్న కేసుల్లో పాత పద్ధతి వేరు. ఆమె స్టేషన్‌కు వచ్చి చెప్పాలి, ఆస్పత్రిలో మళ్ళీ చెప్పాలి, సంక్షేమ శాఖ ఆఫీసులో మరొకసారి చెప్పాలి. సగం మంది మధ్యలోనే ఇంటికి తిరిగిపోయేవాళ్ళు. ఈసారి మా ఎస్ఐ అందరినీ ఒక్క తాటి మీదకు తెచ్చారు. నేను, గ్రామ సచివాలయంలో మహిళా పోలీసుగా పనిచేసే షాహీన్ ఆ నంబరు ఉన్న ఊరికి వెళ్ళాలి. ప్రొటెక్షన్ ఆఫీసర్, అంటే గృహహింస చట్టం కింద ఆమె తరఫున కోర్టుకు రిపోర్టు రాసే అధికారి, ఆస్పత్రిలో సిద్ధంగా ఉంటారు.

పొద్దున పదిగంటల ఎండలో ఊరు చేరాం. గుట్ట మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఒకదాని రెక్క నీడ మేం వెతికే ఇంటి మిద్దె మీదుగా పోతుంది, వస్తుంది. కోళ్ళు కూడా అరవడం లేదు. ఇంటాయన ఓబులేసు ఎదురొచ్చాడు. బోర్లకు మొబైల్ స్టార్టర్లు బిగించే మెకానిక్. ఆ డబ్బాలో సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంట్లో కూర్చుని ఫోను చేస్తే చేనులో మోటరు తిరుగుతుంది.

"పెద్దింటి సారు కదా. మా వాకిలి తొక్కినారంటే మా భాగ్యం" అన్నాడు నవ్వుతూ. తలగుడ్డ చెవుల మీదికి బిగించి కట్టుకున్నాడు.

అతని భార్య లక్ష్మీదేవి గడప లోపల నిలబడి ఉంది. మణికట్టు చుట్టూ నల్లగా కమిలింది.

"ఏం లేదు సార్. కింద పడినా" అంది, నేను ఇంకా ఏమీ అడగకముందే.

ఫోను ఎవరు చేశారో మేం చెప్పకూడదు. కానీ ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. మేం ఊరికే తిరిగొస్తే, ఆమె పోలీసులకు ఫోను చేసిందన్న సంగతి ఒక్కటే వాళ్ళిద్దరి మధ్య మిగులుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించడానికి నాకు ఇన్నేళ్ళ సర్వీసు అక్కర్లేదు.

ఇలాంటప్పుడు సెపరేట్ ఇంటర్వ్యూ చేస్తాం. మగవాణ్ణి చూపుకూ, వినికిడికీ అందనంత దూరం తీసుకుపోయి, ఆమెతో ఆడమనిషి మాట్లాడాలి. షాహీన్ లోపలికి వెళ్ళి తలుపు మూసింది. నేను ఓబులేసును వీధి మలుపులో ఉన్న జీపు దగ్గరికి నడిపించాను.

వానల గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి అతను తనలో తాను నవ్వుకున్నాడు.

"ఆ సాయిబుల పాప బలే మెత్తగా అడుగుతాండాది సార్."

నేను ఇంటి వైపు చూశాను. మలుపు అవతల గోడ తప్ప ఏమీ కనబడదు.

"నీకు యాడ వినపడతాండాది?"

"ఊరికే అనుకుంటి సార్. ఆడోళ్ళు అట్లనే కదా అడిగేది."

కాసేపటికి షాహీన్ వచ్చి నన్ను పక్కకు పిలిచింది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఏం అడిగినా కింద పడినా అనే చెప్తాండాది సార్. నన్ను చూసి కాదు, గోడకు చెప్తాండాది. ఆ గోడ మీద స్టార్టరు డబ్బా ఉండాది. మా నాయన చేన్లోనూ అట్లాంటిదే. ఇంట్లో మోటరు లేనే లేదు, డబ్బా యాల సార్?"

నేను తిరిగి వచ్చి, చెవులు కప్పిన ఆ తలగుడ్డ తీయమని ఓబులేసుతో అన్నాను.

మా సీమలో ఇది చిన్న మాట కాదు. నలుగురిలో మనిషి చేత తలగుడ్డ తీయించడమంటే చెంపమీద కొట్టడం కంటే ఎక్కువ. అప్పటికే అరుగుల మీద జనం చేరారు. ఓబులేసు నవ్వు మానలేదు, గొంతు మాత్రం పెంచాడు.

"మీ జేజినాయన ముందర మా జేజినాయన తలగుడ్డ తీసి నిలబడినాడంట. మల్లా మీరు కూడా తీయమంటారా దొరా?"

"తలగుడ్డ జోలికి పోవద్దప్పా, మర్యాద కాదు" అన్నాడు ఒక పెద్దాయన.

వాళ్ళ తాత నిలబడింది నిజమే. ఆ సంగతి మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. బలవంతంగా లాగితే ఊరంతా అతని వైపు తిరుగుతుంది, ఆమెను గడప దాటనివ్వరు. నేను నా టోపీ తీసి జీపు బానెట్ మీద పెట్టాను. యూనిఫారంలో ఉండగా ఒకరి ముందు ఉత్త తలతో నిలబడడం నాకు అదే మొదలు.

"నాది తీసినా. ఇంక నీది తీయి."

ఓబులేసు పెద్దాయన వైపు చూశాడు. ఆయన తల తిప్పుకున్నాడు. అప్పుడు విప్పాడు. చెవిలో చిక్కుడు గింజంత నల్లటి ఇయర్‌ఫోన్ ఉంది. జేబులో ఫోను కాల్‌లోనే ఉంది. డబ్బాలో మైకు పెట్టి, ఎక్కడ పనిచేస్తున్నా ఇంటిని వింటూనే ఉన్నాడన్నమాట. అందుకే ఆ 112 ఫోన్లలో మాట లేదు. ఫోను ఆపి స్వాధీనం చేసుకున్నాను. షాహీన్ గోడ మీది డబ్బా ఊడదీసి లక్ష్మీదేవి చేతికిచ్చింది.

"ఇంక వినపడదు అక్కా, చెప్పు."

ఆమె నమ్మలేదు. కిటికీ తెరిచి, అతన్ని కనపడే చోట నిలబెట్టమని సైగ చేసింది. రూలు ప్రకారం అది తప్పు. షాహీన్ నన్ను అడిగింది, నేను ఒప్పుకున్నాను. జీపు మలుపు నుంచి ముందుకు జరిపి, అతన్ని దాని పక్కన నిలబెట్టాను. తర్వాత జరిగింది షాహీన్ చెప్పగా విన్నాను.

లక్ష్మీదేవి కిటికీ ఊచలు పట్టుకుని, అతన్నే చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా అందట: "ఓబులేసూ, నువ్వు సచ్చిపోవల్ల." మొగుడి పేరు ఆమె నోట రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అతను గుట్ట వైపు చూస్తూ గుడ్డ లేని తల గోక్కున్నాడు. ఆమె మరోసారి అంది, కొంచెం గట్టిగా. అతను తిరగలేదు.

అతనికి వినపడడం లేదని అప్పుడు నమ్మి, ఆమె నేల మీద కూర్చుని మొదలుపెట్టింది. షాహీన్ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగాల్సిన పని పడలేదట.

ఆమె చెప్పింది ఒక్కసారే. అదే వాంగ్మూలమయింది, ప్రొటెక్షన్ ఆఫీసర్ రిపోర్టు అయింది, డాక్టరు చూసిన గాయాలకు ఆధారమయింది. పొద్దు వాలకముందే కేసు కట్టాం. ఓబులేసు రిమాండుకు వెళ్ళాడు. ఆమె తాడిపత్రిలో అక్క దగ్గరికి చేరింది. అక్కడ బండల పాలిష్ మిషన్ల చప్పుడుకు పక్కమనిషి మాట కూడా వినపడదని, తనకు అదే హాయిగా ఉందని తర్వాత షాహీన్‌తో అందట.

మగవాణ్ణి కంటికి కనపడకుండా పంపాలన్న రూలు మంచిదే. ఇప్పటికీ పాటిస్తాను. అయితే దూరం ఎంతో తేల్చేది నేను కాదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఆమెనే అడుగుతాను: "ఆయన్ని యాడ నిలబెట్టమంటావమ్మా?" ఊరు దాటించమనేవాళ్ళే ఎక్కువ. ఎప్పుడో ఒకామె మాత్రం ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళి, కిటికీ తెరుస్తుంది.