చెవుల డాక్టరుగారి ఏలుబడి

ఆయన్ని అందరూ చెవుల డాక్టరుగారనేవారు. చెవులకు వైద్యం చేసేవారనుకునేరు. ఆయన చూసేది ఊపిరితిత్తులు, చూసేది చెవులతో. వీపు మీద స్టెతస్కోపు ఆనించి, కళ్లు మూసుకుని, "ఎడమ పక్క అడుగున నిమ్ముంది" అనేవారు. తర్వాత తీసిన ఎక్స్‌రే పాపం ఆయన మాట కాదనలేక ఒప్పుకునేది. ఏళ్ల తరబడి ఆ చెవులే ఆసుపత్రిని ఏలాయి.

ఏలుబడి ముగిసిన సంగతి ముందుగా తెలిసింది ఇంట్లో.

"మన టీవీ వీధి చివరిదాకా వినపడుతోందండీ. ఇంక వీధిలోవాళ్లకి వేరే టీవీలెందుకు, అమ్మేసుకోమనండి," అనేది భార్య.

ఈమధ్య టీవీల తయారీ బొత్తిగా చెడిందని ఆయన గంభీరంగా తేల్చారు. నర్సులకు గొణుగుడు అలవాటైందనీ, రోగులకు గొంతులు పడిపోయాయనీ కూడా తేల్చారు. లోకంలో ఇన్ని లోపాలు కనిపెట్టిన మనిషికి తన చెవుల వంక చూసుకునే తీరిక దొరకలేదు.

ఆ రోజుల్లోనే బట్టలు కుట్టే అమ్మాయి ఒకతె, ఏడో నెల గర్భిణి, జ్వరం దగ్గులతో ఆసుపత్రిలో చేరింది. ఎక్స్‌రే అనగానే మొగుడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. కడుపులో బిడ్డకేం కాదని ఎంత చెప్పినా వింటేనా!

"సార్, కాన్పుల వార్డులో స్కాన్ మెషినుంది కదా. దాంతో ఊపిరితిత్తులు కూడా చూడొచ్చు. ఎక్స్‌రే భయమూ ఉండదు," అంది ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరమ్మ.

"గాలి నిండిన చోట అదేం చూస్తుందమ్మా? పొగమంచుని ఫొటో తీసినట్టుంటుంది. నా చెవులుండగా అదెందుకు?"

వీపు మీద స్టెతస్కోపు పెట్టారు. గురగురలు లేవు, చప్పుడు లేదు. కొన్నాళ్లుగా అందరి వీపులూ ఆయనకు అలాగే ప్రశాంతంగా ఉంటున్నాయి.

"శుభ్రంగా ఉంది. మామూలు దగ్గే."

మర్నాడూ అదే తీర్పు. ఆ మర్నాటికి ఆ అమ్మాయి మాటమాటకీ ఊపిరి వెతుక్కుంటోంది. ఈసారి చిన్న డాక్టరమ్మ ఎవర్నీ అడక్కుండానే మెషిన్ తోసుకొచ్చి, వీపుకు జెల్ రాసింది.

"బిడ్డ... అంత పైకి ఎప్పుడెక్కింది... డాక్టరమ్మా?" అంది ఆ అమ్మాయి ఆయాసపడుతూనే.

"ఎక్కలేదులేమ్మా. పైవాటా ఎలా ఉందో చూస్తున్నా."

తెర మీద ముందు ఊపిరితో పాటు జరుగుతున్న సన్నని పొర మెరిసింది. కాస్త దిగువకు రాగానే నిమ్ముకు గుర్తుగా తెల్లటి చారలు నిలువునా జారాయి. ఇంకా కిందికి, గాలి ఉండాల్సిన చోట గట్టిపడ్డ ముద్ద, దాని చుట్టూ నల్లగా నీరు. పొగమంచు మచ్చుకైనా లేదు.

ఆయన మళ్లీ స్టెతస్కోపు తీసి, నీరున్న చోట పెట్టారు. నిశ్శబ్దం. బాగున్న పక్కన పెట్టారు. అక్కడా అదే నిశ్శబ్దం.

మందులు మారాయి, ఆక్సిజన్ పెట్టారు. తల్లి గట్టెక్కింది. బిడ్డ మాత్రం నెలలు నిండకుండానే పుట్టి, రెండు అరచేతుల్లో పట్టేంత ప్రాణంతో అద్దాల పెట్టెలో చేరింది. మొదటిరోజే చూసుంటే నెలలు నిండేవో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ చెప్పలేకపోవడమే ఆయన్ని తినేసింది. ఆ మధ్య "శుభ్రం" అనిపించుకుని వెళ్లిన వీపులు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. ముఖాలు మాత్రం గుర్తురాలేదు. వినేటప్పుడు కళ్లు మూసుకోవడం ఆయన అలవాటు కదా.

తల్లి ఇంటికెళ్లే రోజు చిన్న డాక్టరమ్మ మళ్లీ స్కాన్ చేసి, బాగా తగ్గిందంది. ఆ అమ్మాయికి నమ్మకం కుదరలేదు.

"ఆ బొమ్మలు నాకేం తెలుస్తాయి? పెద్దసారు ఒక్కసారి విని చెబితే నాకు ధైర్యం."

ఆయన గొట్టాలు చెవుల్లో పెట్టుకున్నారు. ఈసారి కళ్లు మూసుకోలేదు. "బాగుందమ్మా" అనేస్తే సరిపోయేది. పైగా అది నిజం కూడా.

"నాకు వినపడట్లేదమ్మా," అన్నారు. "ఆ రోజూ వినపడలేదు. బాగుందని చెప్పాను."

ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగింది. గొంతు బాగా దించి ఏదో అంది. పెదవులు కదలడం వరకే ఆయనకు తెలిసింది.

"ఏమంటోందమ్మా?" అని చిన్న డాక్టరమ్మ వైపు తిరిగారు.

ఆమె తల దించుకుని, మెషిన్ వైరు చుడుతూ ఉండిపోయింది.