ఒంటి ఇంజన్ విమానానికి వాహన పూజ

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. తినే అన్నం మీద ఒట్టు, చదివిన చదువు మీద ఒట్టు, అవీ చాలవంటే నా పైలట్ లైసెన్సు మీద ఒట్టు (దాని గడువు తీరి చాలా కాలమైంది, అయినా ఒట్టుకు గడువేమిటి?). ముందే ఇంతగా ఎందుకు మొత్తుకుంటున్నానంటే, ఇప్పుడు మేముండే ఏజాక్స్‌లో మా మిత్రులకు నా మాటలో సగమే నమ్మడం, ఆ సగాన్ని కూడా మా ఆవిడని అడిగి ఖాయం చేసుకోవడం అలవాటైపోయింది. మొన్నీమధ్య వాళ్ళలో ఒకాయన రిటైరై, కాలక్షేపానికి ఓ పాత చిన్న విమానం కొందామనుకుంటున్నానంటూ సలహాకి వచ్చాడు. "మీరు ఒకప్పుడు కొన్నారటగా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అన్నాడు. టీ చల్లారేదాకా చెప్పాను. ఆయన మర్నాడు వెళ్ళి పడవ కొనుక్కున్నాడు. ఆ సలహాలు వృథా పోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజుల్లో మనిషికి ముప్ఫై దాటితే బుద్ధి వస్తుందనుకునేవాళ్ళం. నాకు ముప్ఫై రెండు వచ్చాయి. బుద్ధికి బదులు విమానం వచ్చింది. అప్పుడు రెజైనాలో ప్రభుత్వోద్యోగం. నాలుగున్నరకల్లా మమ్మల్ని ఆఫీసులోంచి తోలేసేవారు. వేసవిలో ఆ ఊళ్ళో సూర్యుడికి ఇంటికి పోవాలన్న ధ్యాసే ఉండదు. అంత వెలుతురుని ఏం చేసుకోవాలో తోచక కొందరు గోల్ఫ్ ఆడారు, కొందరు టమాటాలు పెంచారు, నేను విమానం నడపడం నేర్చుకున్నాను. అక్కడ నేల ఎంత చదునంటే, రేపు రావలసిన చుట్టం ఇవాళే కనిపిస్తాడు. ఇష్టం లేకపోతే తలుపులు వేసుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది. అలాంటిచోట ఇంజన్ ఆగినా ఎక్కడో ఓ చోట దిగవచ్చని మా శిక్షకుడు చెప్పాడు. ఆ ధైర్యంతోనే నేను తొందరపడ్డాను.

పాత విమానం కొనేవారికి నా మొదటి సలహా, దాన్ని చూడవద్దు. చూస్తే కొనేస్తారు. ముందు దాని లాగ్ బుక్కులు చదవాలి. పుట్టిన దగ్గర్నుంచి దానికి జరిగిన వైద్యమంతా అందులో ఉంటుంది. నేనూ చదివాను. నాకంటే పదకొండేళ్ళు పెద్దదైన ఆ నాలుగు సీట్ల విమానానికి అట్టపెట్టెడు పుస్తకాలున్నాయి. "గట్టిగా దిగింది, సరిచేశాం" అన్న వాక్యం మూడుచోట్ల కనిపించింది. దాన్ని నేను అనుభవం కింద జమకట్టుకున్నాను. ఒకటే ఇంజన్ కదా అని కొంచెం నసిగితే అమ్మే పెద్దమనిషి భుజం తట్టి, "రెండుంటే చెడిపోవడానికి రెండున్నట్టు. ఇందులో ఒకటే" అన్నాడు. ఈ తర్కం నాకెంత నచ్చిందంటే అక్కడికక్కడే సంతకం పెట్టేశాను.

రెండో సలహా, మెకానిక్‌ని గురువులా చూసుకోవాలి. మా ఊరికి ముప్పావుగంట దూరంలో, గోధుమ పొలాల మధ్య ఒక చిన్న రన్‌వే, దాని పక్కన నాలుగు రేకుల షెడ్లు ఉండేవి. అక్కడ విమానాలకు ఏటేటా పరీక్ష చేసే ముసలాయనకు నేను గ్రీజు తాత అని పేరు పెట్టాను. ఆయన మాట్లాడడు, మూలుగుతాడు. ఇంజన్ మూత తీసి "హ్మ్" అంటే రెండు వారాలు విమానం కదలదు. "హ్మ్మ్మ్" అని సాగదీస్తే ఆ వేసవికి మంగళం. మా విమానాన్ని మొదటిసారి చూసి ఆయన టోపీ తీశాడు. గౌరవం అనుకున్నాను (పోయినవాళ్ళ దగ్గర కూడా టోపీ తీస్తారని తర్వాత తెలిసింది).

ఇక మూడోది, అతి ముఖ్యమైనది: ఇంట్లో చెప్పి కొనాలి. నేను కొని చెప్పాను. మా ఆవిడ కరీంనగర్ పిల్ల, ఫార్మసిస్టు. డాక్టర్లు రాసిన చీటీల్లోనే తప్పులు పట్టే మనిషికి నేనో లెక్కా? అరవలేదు, అలగలేదు. చేతులు కట్టుకుని తీర్పు చెప్పింది.

"ఒక్కసారి ఎక్కుతా. మిషన్‌ది తప్పైతే పోనీ అంటా. గాలిది తప్పైతే అది దేవుడి ఖాతా. నీది ఒక్క తప్పు దొరికిందనుకో, తెల్లారేసరికి అమ్మేసుడే."

"నా తప్పెందుకు దొరుకుతుంది?"

"మైనస్ ముప్ఫై చలిల కారు ఆన్‌లో పెట్టి, తాళాలు లోపలుంచి డోర్ వేసింది ఎవరు సార్?"

"అది ఒకసారి..."

"రెండుసార్లు."

ఆ షరతుకు తల ఊపాను. అప్పట్లో నాకు ఉద్యోగం పోయినా అంత దిగులు ఉండేది కాదు. ఆ విమానం పోతుందంటే మాత్రం ముద్ద దిగేది కాదు. ఆఫీసులో నేను ఎవరూ చదవని నివేదికలు రాసేవాణ్ణి, రన్‌వే మీద మాత్రం "కెప్టెన్" అని పిలిచేవారు (పిలిచింది పెట్రోలు పోసే ఆయన ఒక్కడే. ఆయన అందర్నీ అలాగే పిలిచేవాడు).

సరిగ్గా ఆ నెలలోనే మా అత్తయ్యగారు, కన్నవాళ్ళని ఏళ్ళ తరబడి ఉండనిచ్చే సూపర్ వీసా మీద వచ్చారు. విమానం సంగతి విని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఎంతకు కొన్నవ్?" కాదు, "పూజ చేపిచ్చినవా?" అని. లేదన్నాను. "స్కూటర్ కొన్నా కాయ కొడ్తం బిడ్డా. గాల్లకు లేసేదానికి కొట్టకపోతె ఎట్ల?" అన్నారు. లేచి గుడి నంబరు వెతికాను. పంతులుగారు ఫోన్‌లో ముహూర్తం చెప్పారు: ఆదివారం పదీ నలభై లోపు బండి కదలాలి, ఆ తర్వాత వర్జ్యం. బండి ఏ కంపెనీ అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆదివారం ఉదయం షెడ్డులోంచి విమానాన్ని చేత్తో తోసుకుంటూ బయటికి తెస్తుంటే అత్తయ్యగారు నోరు తెరిచేశారు. "నేనొచ్చిన దాంట్ల మూడొందల మంది ఎక్కిన్రు. ఇదేంది బిడ్డా, తోపుడు బండి లెక్క తోస్తున్నవ్?" గ్రీజు తాత ఆ మాటకు అర్థం తెలియకుండానే తల ఊపాడు. నేను శాస్త్రప్రకారం విమానం చుట్టూ తిరిగి ప్రతిదీ పరీక్షించాను: నూనె, పెట్రోలు, టైర్లు, తోక. ఎడమ రెక్క కింద వేలెడంత గొట్టం ఒకటి ఉంటుంది, దాని మూతిలో సన్నటి కన్నం. ఎదురుగాలి ఆ కన్నంలో దూరితేనే లోపల వేగం చూపే ముల్లు కదులుతుంది. దానికి తొడిగిన ఎర్ర గుడ్డ తీసి, ఊది, తృప్తిపడ్డాను. ఇదంతా పూజకు ముందు. విమానం కొనేవారు ఈ వాక్యం కింద గీత గీసుకోవాలి.

తర్వాత పూజ మొదలైంది. ముక్కుకి పసుపు, ప్రొపెల్లర్‌కి బొట్టు, తలుపులకు దండలు. అత్తయ్యగారు నాలుగు నిమ్మకాయలు తెచ్చారు, విమానానికి చక్రాలు మూడే. "నాలుగోది ఏది?" అని ఆవిడ నన్ను అనుమానంగా చూశారు, నేనేదో ఒక చక్రం తక్కువకి కొన్నట్టు. గ్రీజు తాత నిమ్మకాయల్ని చూసి, "ఇవి దేనికి?" అన్నాడు (ఆయన అన్నది ఇంగ్లీషులో, ఇంకా మొరటుగా, నేను మర్యాద కలిపి తెలుగు చేస్తున్నాను).

"టైర్ల క్షేమం కోసం."

"గాలి నేను కొట్టానుగా."

కొబ్బరికాయ దగ్గర చిక్కొచ్చింది. విమానం ముందు కొడితే చిప్పలు ప్రొపెల్లర్‌కి తగులుతాయని తాత ఒప్పుకోలేదు. సరే, గడ్డిలో రాయి మీద కొడదామంటే అక్కడ కనుచూపు మేరలో రాయి లేదు. చివరికి షెడ్డులో ఇనుప దిమ్మ ఉందన్నాడు. మా ఆవిడ గాలికి వణికి చలికోటు కోసం కారు దగ్గరికి వెళ్ళింది. నేను, తాత కొబ్బరికాయ తీసుకుని షెడ్డులోకి వెళ్ళాం. ఒక దెబ్బకు పగిలింది. శుభం అనుకుని వెనక్కి తిరిగి చూద్దును కదా, రెక్క కింద పొగ!

గాలి గొట్టం కన్నంలో అగరొత్తి సూటిగా గుచ్చి ఉంది. పక్కన అత్తయ్యగారు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. పైన రెక్కలో నిండా పెట్రోలు. తాత అంత వయసులో మంటలార్పే డబ్బా పట్టుకుని అంత వేగంగా పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన అరిచిన అరుపుకి అత్తయ్యగారు అగరొత్తిని పుటుక్కున లాగేసి మట్టిలో తొక్కేశారు. టైము పదీ ముప్ఫై నాలుగు. వర్జ్యం తరుముకొస్తోంది. మళ్ళీ ఒకసారి చుట్టూ తిరిగి చూసుకోవాలన్న ఇంగితం నాకు లేకపోయింది. అందరినీ ఎక్కించేశాను: మా ఆవిడ నా పక్కన, అత్తయ్యగారు వెనక సీట్లో, ఒళ్ళో కొబ్బరి చిప్పలు.

రన్‌వే చివర నిలబెట్టి, ఇంజన్ పూర్తిగా అందుకోనిచ్చి వదిలాను. విమానం పరుగు తీసింది. మా ఆవిడకు నేను ముందురోజే పాఠం చెప్పాను: ఈ ముల్లు లేస్తుంది, అరవై దగ్గరికి రాగానే మనం లేస్తాం అని. గోధుమ చేలు పక్కనుంచి పరుగులు తీస్తున్నాయి. సీటు అదురుతోంది.

"ముల్లు పడుకునే ఉందేంది?" అంది.

నేను అద్దం మీద వేలితో కొట్టాను. పాత విమానం యజమానులు ఏది కదలకపోయినా మొదట చేసే వైద్యం అదే.

"సున్నా మీదనే ఉంది. ఆపు."

"ఒక్క క్షణం..."

"ఆపమన్ననా!"

పవర్ తీసేశాను. బ్రేకులు కీచుమన్నాయి, కొబ్బరి చిప్పలు నా మెడకు తగిలాయి, విమానం రన్‌వే కొసకు ఇంకా కొంత దూరం ఉండగా ఆగింది.  వెనకనుంచి అత్తయ్యగారు మెల్లగా, "లేచినమా బిడ్డా?" అన్నారు.

షెడ్డు దగ్గరికి తిరిగొచ్చాక గ్రీజు తాత రెక్క కింద మోకాళ్ళ మీద కూర్చుని, సన్నటి పట్టకారుతో గొట్టంలోంచి గోరంత పుల్లముక్క లాగాడు. లాగినప్పుడు అగరొత్తి మొత్తం బయటికి రాలేదన్నమాట. కొస లోపలే విరిగింది. తాత దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని "హ్మ్" అన్నాడు. మంచి గంధం వాసన.

మా ఆవిడ నావైపు తిరిగింది. మందుల చీటీలో తప్పు కనిపించినప్పుడు ఆమె కళ్ళు ఎలా సన్నబడతాయో నాకు తెలుసు.

"ఇది గుచ్చింది ఎవరు?"

నాకు విమానం గాల్లో కలిసిపోతున్నట్టే అనిపించింది, ఒక్కసారైనా గాల్లోకి లేవకుండానే.  ఈలోగా అత్తయ్యగారు ముందుకొచ్చి నిలబడ్డారు.

"నేనే గుచ్చిన. బొక్క కనవడ్డది, అగరొత్తికే పెట్టిన్రనుకున్న. నాకేం తెలుసు బిడ్డా?"

"అమ్మా! నీకు తెల్వదు సరే, ఈయన చూసుకోవద్దా?"

"ముహూర్తం పోతుందని నేనే తొందరపెట్టిన. ఆయన్నేమనకు."

తల్లిని విమానంతోపాటు అమ్మేయలేదు కదా. మా ఆవిడ "ఇగ పూజ ఒక రోజు, ఎగురుడు ఒక రోజు" అని మాత్రం తీర్మానించింది. తాత గొట్టమంతా శుభ్రం చేసి, పరీక్షించి, సరేనన్నాక, మధ్యాహ్నం వర్జ్యం దాటాక నిజంగానే లేచాం. కింద ఆవపూల రంగులో కనోలా పొలాలు గళ్ళు గళ్ళుగా పరుచుకున్నాయి. అత్తయ్యగారు కిటికీకి ముక్కు ఆనించి, దిగేదాకా తీయలేదు. విమానం మాకు దక్కింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు మా దగ్గరే ఉంది.

అంతా నిజమని ఒట్టేశాను. అందులో ఒక్కచోట మాత్రం కల్పించాను. కొబ్బరికాయ కొట్టడానికి తాతతో కలిసి షెడ్డులోకి నేను వెళ్ళలేదు. తాత ఒక్కడే వెళ్ళాడు. అత్తయ్యగారు సంచిలోంచి స్టీలు అగరొత్తి స్టాండు తీసి ఎక్కడ పెట్టాలని అడిగితే, గాలికి పడిపోతుందని నేనే, పైలట్ లైసెన్సు జేబులో ఉన్న నేనే, "దీనికన్నా మంచి స్టాండు ఏముంది అత్తయ్యగారూ" అంటూ ఆ కన్నంలో గుచ్చాను. నాలుగైదు క్షణాలు ఆ తెలివికి మురిసిపోయాను కూడా. పదిహేనేళ్ళుగా ప్రతి విందులోనూ ఈ కథ ఆవిడ ఎదుటే చెప్పాను, అందరితోపాటు ఆవిడా నవ్వారు. అల్లుడి పరువు కోసం అత్తగారు నింద మోశారని నేను ఆ ఏడాది పొడుగునా లోపల లోపల కరిగిపోయి, ఆవిడకు చీరలు కొన్నాను, కాళ్ళనొప్పులకు నూనె తెచ్చాను, ఆవిడ చూసే సీరియల్ కూడా పక్కన కూర్చుని చూశాను. పోయిన నెల మా ఆవిడ ఇంట్లో లేనప్పుడు, ఉండబట్టలేక అడిగేశాను: "ఆరోజు నా కోసం అబద్ధం ఎందుకాడారు అత్తయ్యగారూ?"

ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండా అన్నారు: "నీ కోసమెందుకు బిడ్డా? నువ్వు గుచ్చినవని నా బిడ్డకు తెలిస్తే అది ఇమానం అమ్మిపిచ్చేది. ఇగ నేనెట్ల ఎక్కేదాన్ని?"

ముప్ఫై రెండేళ్ళ ఆ కెప్టెన్ గారు, చేతిలో చీరల సంచితో, కళ్ళు చెమర్చుకుని మా వరండాలో నిలబడ్డ దృశ్యం గుర్తొచ్చింది. పాపం, చీరలు మాత్రం మంచివే కొన్నాడు.