రెండో సూది

"రేపు రెండో సూది వద్దని చెప్పెయ్యి. జ్వరం తగ్గింది కదా," అన్నారు.

"ఆయ్, చెబుతానండి," అన్నాను.

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఆఖరికి ఆవు సూది గురించి. భోంచేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు.

మర్నాడు రాజోలు నుంచి పశువుల డాక్టరు గారు వచ్చేసరికి ఇంటినిండా జనం. ఒంటిని పట్టి నెత్తురు తాగే గోమార్లు కుట్టి వచ్చిన జ్వరం ఒక్క సూదితో పోదని ఆయన చెబుతూనే ఉన్నారు. పోయినవాడి ఆఖరి మాట దాటకూడదని మావాళ్ళంతా ఒక్కటయ్యారు. నేనూ తలూపాను. పెద్దకర్మ కాకముందే ఆవు పోయింది. మాట నిలబెట్టానని అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు దాని పెయ్యకూ అదే జ్వరం. మొదటి సూది పడ్డాక మేత ముట్టింది. తన తమ్ముడు వద్దన్న రెండో సూది ఇప్పుడు మాత్రం ఎందుకని మా బావగారు అడ్డం తిరిగారు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్న మా అక్క కూతురు ఆ జ్వరం పురుగుల మీదే పరిశోధన చేస్తోంది. ఏం చదువుతున్నావే అంటే నీకర్థం కాదు పిన్నీ అనేది. నిన్న పాకలో నిలబెట్టి, చెప్పేదాకా కదలనివ్వలేదు. కంటికి కనపడని ఆ పురుగు నెత్తుటిలోని తెల్ల కణంలో దూరుతుందట. కణంలో దారాల్లాంటి ప్రోటీన్లు ఉంటాయట. కణం రెండుగా చీలేటప్పుడు లోపలి సరుకును చెరోవైపుకూ లాగేవి అవేనట. పురుగు పోయి ఆ దారాలనే పట్టుకుంటుందట.

"అంటే ఇంట్లో దిగిన చుట్టం, అన్నదమ్ములు వేరుపడితే రెండిళ్ళలోనూ తిష్ఠ వేసినట్టా?"

"ఆయ్, అంతే పిన్నీ. జ్వరం తగ్గినా కాసిని మిగిలితే చాలు, మళ్ళీ పెరిగిపోతాయి."

"ఈ ముక్క అప్పుడు చెబితే నీ సొమ్మేం పోయేదే?"

అప్పుడూ ఇక్కడే ఉంది, వంటింట్లో. ఎవరూ అడగలేదు కదా అని గొణిగింది. నిజమే, నేనూ అడగలేదు. ఒళ్ళు మండేది అందుకే.

ఇవాళ పొద్దున్న బావగారి ముందే పెయ్య పలుపు పట్టుకుని నిలబడి రెండో సూది వేయించాను. బతుకుతుందో లేదో ఇంకా తెలియదు. బావగారు విసవిసా వెళ్ళిపోయారు. సాయంత్రం నన్ను నిలదీయడానికి నలుగురిని వెంటబెట్టుకుని వస్తారు. వాళ్ళకు చెప్పుకోవలసింది నేను.

ఏదీ అమ్మాయ్, ఆ దారాల ముక్క చదువు. నేను చెప్పినట్టే రాశావో, నీ ఇంగ్లీషు కలిపావో వింటాను. నెమ్మదిగా చదువు.