కాలు ఇవ్వనందుకు

దుబాయ్‌లో ఒక మాల్ లోపల మంచు పరిచిన వాలు ఉంటే, స్కీయింగ్ నేర్చుకుందామని వెళ్లాను. బూట్లు తొడిగే ఆయనకు మా నాన్న వయసుంటుంది. ఆయన నా పాదం పట్టుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కున్నాను. నేనే తొడుక్కుని, సరిపోయాయని హిందీలో చెప్పేశాను.

మూడుసార్లు పడ్డాను. కుడికి తిరగబోతే స్కీలు నేరుగా పోతున్నాయి.

"అమ్మా" అంటూ వచ్చి బల్ల మీద కూలబడితే ఆయన తెలుగులో అన్నాడు. "బూటుల మడమ ఆడుతున్నది బిడ్డా. గట్లయితే కాలే తిరుగుతది, స్కీ తిరగదు. కాలియ్యి."

ఈసారి ఇచ్చాను. మడమ వెనక్కి ఆనించి, మోకాలు ముందుకు వంచమని, క్లిప్పులు బిగించాడు. ఆ తర్వాత స్కీలు నేననుకున్న వైపే తిరిగాయి.

బూట్లు తిరిగిచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టబోయాను. ఈసారి కాళ్లు లాక్కున్నది ఆయన.