ఇరవైమూడు టిక్కులు, ఒక్క తుమ్ము

గుంటూరు బ్రాడీపేటలోని ఒక హాల్లో, నిండా కూర్చున్న జనం ముందు, మా నాన్న కళ్లెదుట, నేను ఒక మరమనిషి తలకాయలో ఇరుక్కుని పదకొండు నిమిషాలు ఆపకుండా తుమ్మాను. ఈ పదకొండు నిమిషాల లెక్క నాది కాదు. తుమ్మేవాడికి గడియారం చూసే తీరిక ఉండదు. నా స్నేహితుడు మస్తాన్ ఫోన్లో ఉన్న వీడియో నిడివి అది. ఇప్పటికీ ఎవరింట్లో పెళ్లయినా భోజనాల తర్వాత దాన్ని పెడతాడు.

అసలేం జరిగిందో వరసగా చెబుతాను. వరస తప్పితే నాకు అన్నం సయించదు.

అప్పటికి నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ ముగించి ఆర్నెల్లయింది. మాది పర్చూరు దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాం. మా మేడ మీద ఒక గది ఉంది. కోతలయ్యాక మిరప బస్తాలు కోల్డ్ స్టోరేజీకి వెళ్లేదాకా అందులోనే ఉంటాయి. ఆ గది మీద నాకు కన్నుపడింది.

"నాన్నా, మేడ మీద గది నాకు కావాలి."

"దేనికిరా?"

"వర్క్‌షాపుకి. వస్తువులు తయారు చేస్తాను."

"మరి మిరపకాయలు వస్తువులు కావా?"

ఇంజనీరింగ్ నాలుగేళ్లలో ఇలాంటి ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు. పక్కనే మంచం మీద కూర్చుని పత్తి గింజలు తీస్తున్న నాయనమ్మ అడ్డం పడింది. "ఇచ్చెయ్ రా, పాపం. పొద్దస్తమానం ఆ తీగలన్నీ నా మంచం మీదే ఆరేస్తన్నాడు."

నాన్న ఆలోచించి అన్నాడు. "గుంటూరులో ఏదో వేషాల పోటీ ఉందన్నావుగా. ఏదో ఒక బహుమతి పట్టుకురా, గది నీది. వట్టి చేతులతో వచ్చావా, ఈ ఏడాదీ అందులో బస్తాలే. అవీ నువ్వే మోసి పైన పెట్టాలి."

"మోస్తాను," అన్నాను. ఆ రోజుల్లో నా పట్టుదల ముందు ఉడుం దిగదుడుపు. పైగా ఉడుముకి జాబితా రాసుకునే అలవాటు లేదు. నాకుంది.

జాబితాలో ఇరవైమూడు అంశాలు. పిల్లల గదుల్లో పరిచే రబ్బరు చాపలు కోసి, అతికించి, వెండి రంగు వేసి మరమనిషి తల చేశాను. కళ్లకు నీలం లైట్లు, బటన్ నొక్కితే ఎర్రగా మారేవి. నోటి దగ్గర మైకు, ఛాతీ మీద స్పీకరు, మధ్యలో గొంతును మార్చే సర్క్యూటు. నేను మామూలుగా "నమస్కారం" అంటే బయటికి కొండ గుహ మాట్లాడినట్టు వినిపించాలి. గాలికి నడినెత్తి మీద పాత కంప్యూటర్లోంచి పీకిన రెండు ఫ్యాన్లు. అన్నిటికంటే నేను గర్వపడిన అంశం ఇరవై ఒకటోది. మణికట్టు మీద బటన్ నొక్కితే చిన్న మోటారు తిరిగి, తల రెండు చిప్పలుగా విడిపోతుంది. చేత్తో తీసుకునే హెల్మెట్ పాలు పోసేవాడికీ ఉంటుంది, మన ప్రత్యేకత ఏముంది చెప్పండి?

చిక్కంతా పద్దెనిమిదో అంశం దగ్గర వచ్చింది. లోపలి మెత్త. ముందు స్పాంజి పెట్టాను. పావుగంటకే నా తల ఇడ్లీ పాత్రలో పెట్టినట్టయింది.

"ఇంటినిండా పత్తి పెట్టుకుని స్పాంజి కొనుక్కొస్తావేంట్రా, సిగ్గులేకపోతే సరి!" అంది నాయనమ్మ. "పైగదిలో గోతాంలో గింజ తీసిన దూది ఉంది. తీసుకో."

తీసుకున్నాను. నుదుటికి పద్దెనిమిది మిల్లీమీటర్లు, చెవుల దగ్గర ఇరవైరెండు. కుట్టడానికి మస్తాన్‌ని పిలిచాను. మాది ఒకే క్లాసు. వాళ్లది చీరాల, వాళ్ల నాన్నకి పరుపుల కొట్టు ఉంది. కాబట్టి దూది విషయంలో వాడు మాకంటే రెండు డిగ్రీలు ఎక్కువ చదివినట్టు లెక్క. వాడు దబ్బనం, దారం పట్టుకుని వచ్చి, దూదిని చేతిలోకి తీసుకుని ముక్కు చిట్లించాడు.

"ఇదేంట్రా, ఘాటుగా ఉంది?"

"దూదికి ఘాటేంట్రా?"

"ఏ గోతాంలో ఉంది ఇది?"

"నిరుడు మిరపకాయలు పోసిన గోతాం. దులిపాం కదా."

"దులిపితే పోద్దా? దీన్ని ముందు ఏకాలి. మా నాన్నకివ్వు. గంటలో ఏకిచ్చేస్తాడు, దుమ్మంతా బయటికొచ్చేస్తది."

"ఏకితే దూది పొంగుద్ది. నా మిల్లీమీటర్లన్నీ మారిపోతాయి. నాకేం వాసన రావట్లేదు. నీది చీరాల ముక్కు, సముద్రపు గాలికి అలవాటుపడింది."

"నీది మిరపకాయ ముక్కు. అందుకే రావట్లేదు," అన్నాడు వాడు. అని, చెప్పినట్టే కుట్టాడు. స్నేహితులు అలాగే ఉంటారు. గోతిలో పడతావని చెప్పి, పడటానికి చెయ్యందిస్తారు.

వాడన్నది నిజమే. మా ఊళ్లో పుట్టినవాడికి మిరప ఘాటు తెలియదు, చేపకి తడి తెలియనట్టు.

అయినా నేను పరీక్షించకుండా వదిలే రకం కాదు. మెత్త పెట్టుకుని గంట కూర్చున్నాను. అప్పుడు ఫ్యాన్లు ఆపి ఉంచాను, బ్యాటరీ వృథా కాకూడదని. హాయిగా ఉంది. టిక్కు. మర్నాడు ఫ్యాన్లు గంట తిప్పాను. అప్పుడు మెత్త బయట పెట్టాను, దూది పోగులు రెక్కలకు చుట్టుకోకూడదని. గాలి బ్రహ్మాండం. టిక్కు. ఇరవైమూడు టిక్కులు పడ్డాయి. రెండూ కలిపి పరీక్షించాలన్న ఇరవైనాలుగో గడి నా కాగితం మీద లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో విడివిడిగా గెలిచాను.

పోటీ రోజున నాన్న ముందు వరసలో, తెల్లచొక్కా వేసుకుని, గది తాళంచెవి వేలికి తిప్పుకుంటూ కూర్చున్నాడు. నా పేరు పిలిచారు. నీలం కళ్లతో, పెళ్లికూతురి నడకతో స్టేజీ ఎక్కాను. జనం "ఓ..." అన్నారు. ఎడమ మణికట్టు మీద మొదటి బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి.

మొదటి రెండు సెకన్లు చల్లగా ఉంది.

మూడో సెకనులో నిరుటి మిరప పంట నా కళ్లలోకి దిగింది.

"నమ... నమ... హా... హాఛ్!"

మీరు ఒక్కసారి ఊహించుకోవాలి. నా తుమ్ము మైకులో పడి, సర్క్యూటులో లావై, ఛాతీలోంచి పిడుగులా బయటికొచ్చింది. ముందు వరసలో ఒకావిడ చేతిలో సోడా ఒలికిపోయింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఫ్యాన్లు ఆపే బటన్ కోసం తడుముకున్నాను. కళ్లు కనబడితేగా! చేతికి తగిలింది లైట్ల బటన్. నీలం కళ్లు ఎర్రబడి మిణుకుమన్నాయి. మళ్లీ చప్పట్లు.

"తలుపు తీయ్... హాఛ్... మోటారు!" అని గర్జిస్తూ ఇరవై ఒకటో అంశం బటన్ నొక్కాను. మోటారు గుర్రుమంది, ఆగిపోయింది. లోపలి దూది పోగులు దాని పళ్లకు చుట్టుకుని చక్కగా దారం అయిపోయాయి. నా నెత్తి మీద రాట్నం వెలిసింది.

"నాన్నా... నీళ్లు..." అని గుహలోంచి ఆక్రోశించాను.

నాన్నకి సంగతి అర్థమైంది. పంచె పైకి దోపుకుని స్టేజీ మీదికి దూకాడు. "ఒరేయ్, ఆ తలకాయ తీయరా ముందు!"

"రా... దు!" అంది మరమనిషి, గంభీరంగా.

"రాకపోవడమేంట్రా! నీ యవ్వారం తగలెయ్య!" మస్తాన్ కూడా దబ్బనం పట్టుకుని ఎక్కాడు, రెండో చేత్తో వీడియో ఆపకుండా. నాన్న నన్ను కూలేసి, నోరు కుట్టబోయే బస్తాని పట్టుకున్నట్టు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. "ఇక్కడ పొడు, మస్తానూ! మెడ జాగర్త!"

"కదలకుండా పట్టుకోండి బాబాయ్! ఇంకోసారి తుమ్మితే దబ్బనం దిగుద్ది!"

"ఏరా, విన్నావా? తుమ్మకు!"

"హాఛ్!"

చివరికి మోటారు పళ్లలో దారాన్ని మస్తాన్ దబ్బనంతో తెంపాక చిప్పలు విడిపోయాయి. లోపలినుంచి, పండిన కాయ రంగులో, కళ్లు ముక్కు ఏకధారగా కారుతూ నా ముఖం బయటపడింది. హాలు మొత్తం లేచి నిలబడింది. నాన్న కుడిచేత్తో నా ముఖాన నీళ్లు కొడుతూ, ఎడంచేత్తో తాళంచెవి జేబులో పడేసుకున్నాడు. ఆ చప్పుడు ఒక్కటే నాకు వినబడింది. బస్తాలు మోయడానికి మనసులోనే నడుం బిగించాను.

న్యాయనిర్ణేత, ఒక రిటైరైన డ్రాయింగు మేష్టారు, కళ్లు తుడుచుకుంటూ మైకు తీసుకున్నారు. "యంత్రానికి రొంప పట్టడం, దానికి వైద్యం చేయడానికి ఒక రైతు పరుగెత్తుకు రావడం! ఎంత లోతైన ఆలోచన! రైతు పాత్రధారి మాత్రం జీవించారండీ!"

రెండో బహుమతి నాకిచ్చారు. ఉత్తమ సహాయ నటుడు అని నాన్నకి శాలువా కప్పారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన ఆ శాలువా తీయలేదు. పర్చూరులో దిగాక తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"మాటంటే మాటే. గది నీది."

ఆ సాయంత్రమే మేడెక్కాను. బహుమతి కప్పు అలమరలో పెట్టాను. నా సామ్రాజ్యంలోకి ఎవరూ రాకుండా తలుపు వేసి గడియ పెట్టాను. కిటికీలు మూసే ఉన్నాయి. ఏటేటా మిరప బస్తాలు నిలవ ఉంచి, ఒక్కసారీ కడగని గది మధ్యలో నిలబడి, తృప్తిగా, సీలింగు ఫ్యాను స్విచ్ వేశాను.

కింద మంచం మీదనుంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "ఏరా, మనవడు మళ్లీ మొదలెట్టాడు!"

"ఉండనీవే అమ్మా," అన్నాడు నాన్న, శాలువా సర్దుకుంటూ. "మొదటి బహుమతికి సాధన చేస్తన్నాడు."

అందుకని, నా కాగితం మీద, నా సోల్డరింగ్ ఐరన్ మీద, అలమరలో ఉన్న కప్పు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఏ ఫ్యాను స్విచ్ వేయాలన్నా, ముందు చీరాలకి ఫోన్ చేసి ఒక ముక్కును పిలిపిస్తాను. ఇది ఇరవైనాలుగో అంశం. ఎర్ర సిరాతో రాసుకున్నాను.